మక్కా పనివాళ్ళ మీద థీసిస్ ఎవరు రాస్తారు?

మన ఇళ్ళల్లో పిల్లవాడు ఇంజనీరింగులో డాక్టరేటు చేస్తానంటే మిఠాయి పంచుతాం. అదే సోషియాలజీలో, అందునా మనుషుల పని జీవితం మీద అంటే, "దానితో ఏం తింటావురా?" అంటాం. అడగవలసిన ప్రశ్నే, కాదనను. అయితే స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో ఈ రెండు చదువులూ కలిపి ఒకే విభాగంగా ఉన్నాయి. ఆ దేశంలో డాక్టరేటు విద్యార్థిని మామూలుగా నాలుగేళ్ళపాటు జీతమిచ్చి ఉద్యోగిగానే పెట్టుకుంటారు. తిండి సంగతి అలా ఉంచి, రాయడానికేముందో చూద్దాం. ఎంతో దూరం పోనక్కరలేదు, మక్కా ఉంది.

హజ్ యాత్ర మూలాల మీద 1880లో హాలండులోని లైడెన్‌లో స్నూక్ హుర్ఖ్రోన్యె అనే ఆయన థీసిస్ రాశాడు. అప్పటికి మక్కా మొహం చూడలేదు, అంతా పుస్తకాల్లోంచే. 1885లో ముస్లింగా, అబ్దుల్ గఫార్ అన్న పేరుతో ఊళ్ళోకి వెళ్ళి కొన్ని నెలలున్నాడు. యాత్రికుల గైడ్లు, వర్తకులు, బానిసలు ఎలా బతుకుతున్నారో తర్వాతి పుస్తకంలో రాశాడు. ఇవాళ్టికీ చదివేది దాన్నే, థీసిస్‌ను కాదు. కాని ఆయనకు ఫొటోలు తీసి పంపినది మక్కా డాక్టరొకాయన. విచిత్రం, ఆయన పేరూ అబ్దుల్ గఫారే! ఆ ఫొటోలు కొన్నింటి మీది సంతకం చెరిపేసి ఐరోపాలో అచ్చువేశారు. ఆ పైన హుర్ఖ్రోన్యె డచ్చి వలస ప్రభుత్వానికి సలహాదారై, ఆచే యుద్ధంలో తన చదువంతా వాళ్ళకు ధారపోశాడు. పనిచేసినవాడి పేరు పోవడం, జనం సంగతులు దొరల బల్ల మీదికి చేరడం, ఈ చిక్కులు ఈ చదువుకు కొత్తవి కావు.

ఇప్పటికొద్దాం. సౌదీ చట్టం ప్రకారం రంజాన్‌లో ముస్లిం ఉద్యోగికి రోజుకు ఆరు గంటలే పని. మక్కా హోటళ్ళు కిటకిటలాడేదీ ఆ నెలలోనే. దుప్పట్లు ఉతికేవాడికి, ఇఫ్తారుకు వండేవాడికి ఆ ఆరు గంటలు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తున్నాయి? జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం 12 నుంచి 3 వరకు ఎండలో పని నిషేధం. ఆ మూడు గంటలూ కూలివాడు ఎక్కడ నడుం వాలుస్తున్నాడు? 2021 మార్చి నుంచి, ఏడాది పనిచేసినవాడు కఫీలు ఒప్పుకోకున్నా వేరే ఉద్యోగానికి మారవచ్చన్నారు. ఇంటి పనివాళ్ళకు, హౌస్ డ్రైవర్లకు ఆ సంస్కరణ వర్తించలేదు. మనవైపు నుంచి డ్రైవరు వీసా మీద వచ్చినవాళ్ళు ఎందరో మీకు తెలుసు.

ముస్లిమేతరులకు మక్కా ప్రవేశం లేదు గనుక ఊళ్ళో ఉండి రాయగలిగేది కడప, కర్నూలు, హైదరాబాదు ముస్లిం పిల్లలే. ఉర్దూ, తెలుగు రెండూ వచ్చిన అమ్మాయి అయితే మరీ మంచిది, స్త్రీల ప్రార్థనా స్థలాల్లో శుభ్రం చేసే ఆడవాళ్ళతో మాట్లాడగలదు. మిగతావాళ్ళు నిరాశపడనక్కరలేదు. జగిత్యాల, నిజామాబాదు పల్లెల్లో తిరిగొచ్చినవాళ్ళున్నారు. అక్కడ ఇకామా భయం లేదు, పాస్‌పోర్టు సొంత పెట్టెలో ఉంటుంది, నోరు విప్పుతారు. సెలవులకు వెళ్ళినప్పుడే మొదలుపెట్టవచ్చు. పేరు రాసుకోవాలో వద్దో మాత్రం వాళ్ళనే అడగండి. ముందే ఫారం తీసి సంతకం పెట్టమంటే సగం మంది లేచి వెళ్ళిపోతారు.