ఆ పాట ఎవరి మీద?

2023 జూన్ 30న ఒలివియా రోడ్రిగో 'వాంపైర్' పాట వచ్చింది. నేను పాట పూర్తిగా వినకముందే దాని 'అర్థం' నా ఫోన్‌లోకి వచ్చేసింది: ఇది టేలర్ స్విఫ్ట్ మీద రాసిందే! అప్పుడు నేను ఫస్టియర్. నాది ఒలివియా పార్టీ, నా రూమ్మేట్ పక్కా స్విఫ్టీ. ఇంకేముంది! లైన్ లైన్‌కీ స్క్రీన్‌షాట్ తీసి, ఎర్ర గీతలు గీసి 'సాక్ష్యాలు' తయారుచేశా. వాడూ తక్కువ తినలేదు. చివరికి స్విఫ్ట్ గురించి నేనొక అనకూడని మాట అన్నాను. మూడు వారాలు ఒకే గదిలో ఉండి మాట్లాడుకోలేదు.

నిప్పు లేనిదే పొగ రాదంటారు కదా, ఆ నిప్పేంటో చూద్దాం. 2021లో ఒలివియా 'డెజా వూ' వచ్చింది. అందులో గొంతెత్తి అరిచినట్టు పాడే భాగానికి స్విఫ్ట్ 'క్రూయల్ సమ్మర్' ప్రేరణ అని ఒలివియా తనే చెప్పింది. కొన్ని నెలలకు రచయితల జాబితాలో స్విఫ్ట్ పేరు, 'క్రూయల్ సమ్మర్' సహరచయితల పేర్లు చేరాయి. పేరు చేరితే రాయల్టీలో వాటా కూడా పోతుంది. మనకి తెలిసింది అంతవరకే. మిగతా పగలూ ప్రతీకారాలూ మనం రాసుకున్న స్క్రిప్టు. 'వాంపైర్' గురించి అడిగితే, జనం అలా అనుకోవడం తనకే ఆశ్చర్యంగా ఉందని, తన పాటలు ఎవరి మీదో చెప్పనని ఒలివియా అంది. ప్రేరణకీ కాపీకీ గీత ఎక్కడ అని నిజంగా మాట్లాడుకోవాల్సిన విషయం అక్కడుంది. లాబ్ రికార్డు పక్కవాడిది దించేసి, వాడి పేరు ఏనాడూ రాయని మనం ఆ ఒక్కటీ వదిలేసి అన్నీ మాట్లాడాం.

నిజం గొడవలు ఉండవా? ఉంటాయి. స్విఫ్ట్ 'బ్యాడ్ బ్లడ్' (2014) ఒక గాయని మీద రాశానంది, పేరు మాత్రం చెప్పలేదు. ఫ్యాన్స్ కేటీ పెర్రీ అన్నారు. 2017లో పెర్రీ కూడా గొడవ నిజమేనని ఒప్పుకుంది. తీరా చూస్తే మొదలైంది ముగ్గురు డాన్సర్ల దగ్గర! ఎవరి టూర్‌లో ఎవరు పనిచేయాలన్న పంచాయితీ. 2018లో పెర్రీ ఆలివ్ కొమ్మ, ఉత్తరం పంపింది. 2019లో స్విఫ్ట్ వీడియోలో ఒకరు బర్గర్, ఇంకొకరు ఫ్రెంచ్ ఫ్రైస్ వేషాల్లో వచ్చి కావలించుకున్నారు. వాళ్ల గొడవ అలా తేలిపోయింది. వాళ్ల కోసం కొట్టుకున్నవాళ్ల సంగతేంటి?

తప్పంతా ఫ్యాన్స్‌దే అనను. స్విఫ్ట్ తొలి ఆల్బమ్‌ల బుక్‌లెట్లలో అక్కడక్కడా పెద్దక్షరాలు పెట్టి రహస్య సందేశాలు దాచేది. వెతకడం నేర్పింది తనే. పజిల్ విప్పినట్టు సరదాగా ఉంటుంది కూడా. కానీ ఊహని ఊహలా ఉంచుకోవాలి. తీర్పులా మార్చి ఒక మనిషిని తిట్టడం మొదలుపెడితే అది సరదా కాదు.

ఇంకో సంగతి. 2024లో కెండ్రిక్ లమార్, డ్రేక్ పేర్లు పెట్టి మరీ తిట్టుకుంటూ పాటలు వదిలితే ర్యాప్ యుద్ధం అని మురిసిపోయాం, ఎవరి మాట పదునో లెక్కేశాం. అదే ఇద్దరమ్మాయిలైతే పేరు ఎత్తకపోయినా 'కుళ్లు' అని తేల్చేస్తాం. నేనన్న మాటా అలాంటిదే.

మా అమ్మమ్మ, వాళ్ల చెల్లెలు సుశీల గొప్పా, జానకి గొప్పా అని ఇప్పటికీ వాదించుకుంటారు. కానీ వాళ్ల వాదనంతా గొంతు గురించే. ఓడిపోయేట్టున్నవాళ్లు ఇంకో పాట పెడతారు.

మా గదిలో పాటలే ఆగిపోయాయి. సర్క్యూట్స్ పరీక్షల ముందు రాత్రి వాడికి ఎప్పుడూ నేనే చెప్పేవాణ్ణి. ఆ మిడ్‌కి చెప్పలేదు, వాడు అడగలేదు. మార్కులు పోయాయి. నాలుగు రోజుల తర్వాత వాడే, "రేయ్, ఈ సూపర్‌పొజిషన్ ఎలా చెయ్యాలిరా?" అన్నాడు. సారీ చెప్పాల్సింది నేను. ఆ రోజు లెక్క చెప్పాను గానీ సారీ చెప్పలేదు.

వాడు ఈ మ్యాగజైన్ చదువుతాడు. సారీ రా.