వంద రాస్తాడు, ఏడు లెక్కపెట్టలేడు

ఉస్మానియా విశ్వవిద్యాలయం వైస్ చాన్సలర్ గారికి,

తార్నాకలో మా పక్కింటి యూకేజీ పిల్లాడు గళ్ల పుస్తకంలో 1 నుంచి 100 దాకా గబగబా రాసేస్తాడు. చింతగింజలు ముందు పోసి ఏడు ఇమ్మంటే మాత్రం గుప్పెడు తీసి చేతిలో పెట్టాడు. 3ని తిప్పి రాస్తున్నాడని వాళ్లమ్మకు దిగులు. ఆ వయసులో అది మామూలే, సర్దుకుంటుంది. నా దిగులంతా ఆ గుప్పెడు గురించే.

ఒక్కో గింజకు ఒక్కో అంకె చెప్పాలి, చివర చెప్పిన అంకే మొత్తమని తెలియాలి. అది గింజలు ముట్టుకుంటేనే వస్తుంది, హోంవర్కుతో రాదు. మూడు నుంచి ఎనిమిదేళ్ల పిల్లలకు ఆటపాటలతో నేర్పమని 2022 నాటి జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం చెబుతోంది. కాగితాల మీద మనకెప్పుడూ లోటు లేదు లెండి!

మీ క్యాంపస్‌లోనే ఎడ్యుకేషన్ కాలేజీ ఉంది. అక్కడి బీఈడీ విద్యార్థులను వారానికో పూట తార్నాక, మాణికేశ్వరనగర్ అంగన్‌వాడీలకు పంపండి. వామనగుంటల పీట, అంకెలు దిద్దడానికి ఇసుక పళ్లెం చాలు. క్యాంపస్‌లో వాకింగ్‌కు వచ్చే తల్లిదండ్రులకు ఒక ఆదివారం ఆర్ట్స్ కాలేజీ ముందు ఈ ఆటలు చూపించినా మేలే. జూన్‌లో బడులు తెరిచేలోపే దీనికి ఏర్పాట్లు చేయించమని మనవి.

ఇట్లు,
తార్నాక నివాసి