మామిడికి కిలోకు నాలుగు రూపాయలు.. చేరేది ఎవరి ఖాతాలోకి?

పెద్దతిప్పసముద్రం మండలంలో రైతు ఇంటి లెక్కంతా వాన మీద వేసే వేరుశనగ, బోరు కింద పెట్టే టమాటా చుట్టూనే తిరుగుతుంది. వేరుశనగకు కేంద్రం ఏటా మద్దతు ధర ప్రకటిస్తుంది. 2025-26కు అది క్వింటాలుకు రూ.7,263. టమాటాకు అలాంటిదేమీ లేదు. 2023 జూలై చివర్లో మదనపల్లె మార్కెట్‌లో మొదటి రకం కిలో 200 రూపాయల దరిదాపుల్లోకి వెళ్లినప్పుడు టీవీలన్నీ లక్షాధికారులైన రైతుల గురించే చెప్పాయి. సెప్టెంబర్‌కల్లా ధర కుప్పకూలింది. అప్పుడు ఆ కెమెరాలు ఇటు రాలేదు.

మద్దతు ధర లేని పంటల కోసమే కేంద్రం దగ్గర మార్కెట్ జోక్య పథకం ఉంది. 2025 ఫిబ్రవరిలో మార్చిన నిబంధనల ప్రకారం, ప్రభుత్వం సరుకు కొనకుండానే ధరలో తేడాను నేరుగా రైతు ఖాతాలో వేయొచ్చు. అయితే రాష్ట్రం అడగాలి, సగం భారం తనూ మోయాలి. పైగా పంట మొత్తంలో 25 శాతానికి మించి లెక్కలోకి రాదు.

ఆ ఏడాదే చిత్తూరు జిల్లాలో తోతాపురి ధర పడిపోయింది. ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు ఇవ్వాలి, ప్రభుత్వం 4 కలుపుతుంది, రైతుకు 12 అందుతుంది అన్నారు. రాష్ట్రం రూ.260 కోట్లు కేటాయించింది. నాలుగుతో భాగిస్తే 6.5 లక్షల టన్నులు. కేంద్రం ఒప్పుకున్నది 1.62 లక్షల టన్నులకు, అంటే సరిగ్గా ఆ 25 శాతానికే. ఇక ఆ 8 రూపాయలు? ఫ్యాక్టరీలు అంతకన్నా తక్కువే ఇస్తున్నాయని రైతులు సీజన్ పొడవునా మొత్తుకున్నారు. కర్ణాటక కాయ చిత్తూరు జిల్లాలోకి రాకుండా జూన్‌లో ఆపేస్తే ఆ రాష్ట్ర ముఖ్యమంత్రి సిద్ధరామయ్య చంద్రబాబుకు లేఖ రాశారు. హద్దుకు అవతల ఉన్న రైతుదీ ఇదే కష్టం మరి.

అసలు చిక్కు ఇంకోటుంది. సబ్సిడీ వెళ్లేది రికార్డులో పేరున్నవారి ఖాతాకు. మామిడిలో చాలా తోటలు గుత్తకు పోతాయి. ఈ వ్యాపారంలో మన ముస్లిం కుటుంబాలూ తరాలుగా ఉన్నాయి. పూత మీదే బేరం కుదుర్చుకుని, అప్పు తెచ్చి డబ్బు కట్టి, మందులు కొట్టించి, కాపలా కాసేది గుత్తదారు. ఈ-క్రాప్‌లో మాత్రం తోట యజమాని పేరే ఉంటే? పది టన్నుల కాయ మీద ప్రభుత్వం ఇచ్చే 40 వేలు యజమానికి పోతాయి, ధర పడిన నష్టం గుత్తదారు నెత్తిన మిగులుతుంది. (పక్వానికి రాని కాపును అమ్మడాన్ని దైవప్రవక్త (స) ఎందుకు వారించారో ఇలాంటి ఏడాదిలో తెలిసొస్తుంది. తర్వాత నష్టం ఎవరిదన్న తగవే కదా ఇది!)

టమాటా కౌలుదారుదీ అదే కథ. 2019 నాటి పంట సాగుదారు హక్కుల చట్టం కింద 11 నెలల కార్డు ఇస్తారు, కానీ దానికి భూమి యజమాని ఒప్పుకుని సంతకం పెట్టాలి. సంతకం పెడితే భూమి ఎక్కడ చేజారుతుందోనని యజమాని భయం. కార్డుతో భూమి మీద ఏ హక్కూ రాదని చట్టం చెబుతున్నా ఆ భయం పోలేదు. ఆ సంతకం లేని కౌలుదారుకు రేపు టమాటాకు ధర తేడా ఇచ్చినా అందదు.

చట్టం మారేదాకా కొంత మన చేతిలోనూ ఉంది. విత్తు వేసిన వెంటనే రైతు సేవా కేంద్రానికి వెళ్లి ఈ-క్రాప్‌లో ఎవరి పేరు ఎక్కిందో చూసుకోవాలి. మామిడి గుత్త నోటిమాటతో సరిపెట్టకుండా కాగితం మీద రాసుకుని, ప్రభుత్వం ధర సాయం ఇస్తే అది ఎవరికి చెందుతుందో అందులోనే ఒక వాక్యం చేర్చుకోవాలి. వచ్చే పూతకు బేరాలు మొదలయ్యేలోపే ఆ మాట తేల్చుకోవడం మంచిది.