వనదర్శనం

ఆలూరు నుండి తూర్పు దిక్కుగా బయలుదేరిన బాటసారికి చెట్టునీడ దొరకడమే అరుదు. నల్లరేగడి చేలు, వాటి నడుమ అక్కడక్కడ ఒక తుమ్మ, ఒక వేప, దూరాన బోడిగుట్టలు, కనుచూపు మేర ఇంతే. పత్తి, శనగ, జొన్న, మిరప, ఉల్లి పండే ఈ నేల వానను నమ్ముకున్నది. వాన ముఖం చాటేసిన ఏడు ఊళ్లు సగం ఖాళీ అవుతాయి. ఇటువంటి మెట్టసీమలో పుట్టి పెరిగిన పిల్లలకు అడవి అన్న మాట మొదట పుస్తకంలోనే ఎదురవుతుంది. ప్రబంధాలలోని వనవర్ణనల్లో చెట్ల పేర్లు బారులు తీరి వస్తుంటే, వాటిలో నాలుగైదింటిని మించి వారు కంటితో చూచి ఉండరు. పరీక్షకు ప్రతిపదార్థం వస్తుంది, చెట్టు మాత్రం రాదు.

నిన్నమొన్నటి వరకు ఇది అడవి లేని జిల్లా కాదు. పడమట ఈ మెట్టచేలు, తూర్పున నల్లమల కలిసి ఒకే కర్నూలు జిల్లాగా ఉండేవి. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా ఏర్పడినప్పుడు శ్రీశైలం, ఆత్మకూరు, మహానంది, అహోబిలం అటు చేరాయి. ఆలూరు, ఆదోని, ఎమ్మిగనూరు, పత్తికొండ, మంత్రాలయం ఇటు మిగిలాయి. పరిపాలనకు అది అవసరమే కావచ్చు. కాని కళాశాలలో విహారయాత్రకు ఎక్కడికి వెళ్లాలన్న చర్చ వచ్చినప్పుడు నల్లమలను సొంత జిల్లాలోనిదిగా చెప్పుకునే వీలు పోయింది. ఇక మిగిలిన ప్రశ్న ఒక్కటే. అక్కడికి వెళ్లడం తెలుసు; వెళ్లి ఏమి చూడాలో, ఎట్లా చూడాలో తెలుసా?

తూర్పు కనుమలలో భాగమైన నల్లమల కృష్ణా పెన్నా నదుల నడుమ ఉత్తర దక్షిణాలుగా సుమారు 150 కిలోమీటర్ల పొడవున వ్యాపించి ఉన్నది. కృష్ణకు ఆవలి ఒడ్డున తెలంగాణలోనూ అమ్రాబాదు పీఠభూమిగా ఇదే అడవి కొనసాగుతుంది. ఇక్కడి నాగార్జునసాగర్–శ్రీశైలం అభయారణ్యం 1983లో పులుల సంరక్షణ పథకంలో చేరింది. విస్తీర్ణంలో దేశంలోని పులుల సంరక్షణ కేంద్రాలన్నింటిలోకి ఇదే పెద్దదిగా పేరు పొందింది. రాష్ట్ర విభజన తరువాత అమ్రాబాదు భాగం వేరైనా ఆ స్థానం చెదరలేదు. పెద్దపులి, చిరుత, ఎలుగుబంటి, దుప్పి, కణితి ఇక్కడి వన్యప్రాణులు. టేకు, నల్లమద్ది, ఏగిస, సండ్ర, ఉసిరి, వెదురు ఇక్కడి వృక్షసంపద. గుండ్లకమ్మ పుట్టినది ఈ కొండలలోనే. శ్రీశైల మల్లికార్జునుడు, అహోబిలంలోని నవనారసింహులు, అడుగున పడిన నాణెం కూడ కనిపించేంత తేటనీటి మహానంది కోనేరు – ఇవి అందరూ ఎరిగినవే. వీటి జాబితా ఏ బస్టాండులో అడిగినా చెబుతారు.

జాబితా ఉన్నంత మాత్రాన చూడటం తెలిసినట్లు కాదు. ఈ విషయంలో ఆలూరు విద్యార్థికి పాఠం చెప్పగల బండరాయి ఒకటి అతని జిల్లాలోనే ఉన్నది. ఆలూరుకు ఆగ్నేయంగా, పత్తికొండ–గుత్తి దారికి చేరువలోని ఎర్రగుడి కొండరాళ్ల మీద అశోకుని పదునాలుగు శిలాశాసనాలు చెక్కబడి ఉన్నాయి. (అక్కడే ఉన్న చిన్న శాసనంలో కొన్ని పంక్తులు ఎడమ నుండి కుడికి, కొన్ని కుడి నుండి ఎడమకు, నాగలిచాళ్ల వలె సాగుతాయి. చదవడం రాకపోయినా కేవలం చూడటానికే వెళ్లదగిన వింత అది.) వాటిలో ఎనిమిదవ శాసనం ప్రయాణాలను గురించినది. పూర్వపు రాజులు వేట మొదలైన వినోదాల కొరకు విహారయాత్రలు చేసేవారని, తాను పట్టాభిషిక్తుడైన పదవ ఏట సంబోధికి వెళ్లిన నాటి నుండి వాటి స్థానంలో ధర్మయాత్రలు మొదలయ్యాయని చక్రవర్తి అందులో చెప్పుకున్నాడు. ఆ యాత్రలలో ఆయన చేసిన పనులు పెద్దవేమీ కావు. శ్రమణులను, బ్రాహ్మణులను దర్శించడం, వృద్ధులను కలుసుకొని సాయం చేయడం, పల్లె ప్రజలతో మాట్లాడటం. విహారయాత్రికుడు తన వినోదాన్ని వెంట తీసుకొనిపోయి మరొక చోట అనుభవిస్తాడు. ధర్మయాత్రికుడు ఆ చోటివారు చెప్పేది వింటాడు. ఇరవై రెండు వందల ఏండ్లకు పైబడిన ఈ భేదం నేడు నల్లమల ఘాట్ రోడ్డు మీద నిలబడి చూచినా స్పష్టంగా కనిపిస్తుంది.

తెలుగు కావ్యాలలో మొట్టమొదట గుర్తుకు రావలసిన విహారి ప్రవరుడు. అల్లసాని పెద్దన మనుచరిత్రలోని ఆ బ్రాహ్మణ యువకునికి దేశాలు చూడాలన్న కోరిక బలమైనది. తీరిక మాత్రం లేదు. ఇంటికి వచ్చిన సిద్ధుడు పాదలేపనం ఇచ్చాడు. నడక లేకుండానే ప్రవరుడు హిమాలయం చేరాడు. కొండ చరియలను, సెలయేళ్లను చూచి మురిసిపోయాడు. తీరా తిరిగి వెళ్లాలనుకునే వేళకు మంచునీటికి లేపనం కరిగిపోయి ఉన్నది. వచ్చిన దారి అతనికి తెలియదు, ఎందుకంటే అతడు ఏ దారినా రాలేదు. వరూధిని కథ అంతా ఆ తరువాతిది. విమర్శకులు ప్రవరుని ఇంద్రియనిగ్రహాన్ని గురించి చాలా వ్రాశారు. అతని ప్రయాణ విధానాన్ని గురించి వ్రాసినది తక్కువ. ఆ దారి తెలియనితనమే ఈ ప్రస్తావనకు ముఖ్యం. నేటి యాత్రికునికి పాదలేపనం కారు. తెల్లవారుజామున బయలుదేరి, మధ్యాహ్నానికి దర్శనం చేసుకొని, చీకటి పడేలోపల తిరిగి వచ్చేవానికి నల్లమల అద్దంలో నుండి వెనుకకు పరుగెత్తే పచ్చని గోడ మాత్రమే.

అంతటితో ఆగినా బాగుండేది. దారిలో కోతులు కనిపిస్తే బండి ఆపి అరటిపండ్లు, బిస్కెట్లు విసరడం పుణ్యకార్యంగా చెల్లుబాటవుతున్నది. అడవిలో పండు వెదుక్కోవలసిన జంతువు రోడ్డు పక్కన యాచనకు అలవాటుపడి, చివరకు చక్రాల కింద పడుతున్నది. పెద్ద గొంతుతో పాటలు పెట్టుకొని సఫారీకి వెళ్లినవారు పులి కనిపించలేదని నిందిస్తారు. పులి వారిని చూచి తప్పుకొని ఉంటుందన్న ఊహ వారికి రాదు. నీటి సీసాలు, గుట్కా కవర్లు సెలయేటి గుండ్ల మధ్య ఇరుక్కొని కనిపిస్తాయి. దోర్నాల నుండి శ్రీశైలం వెళ్లే ఘాట్ రోడ్డును రాత్రివేళ మూసివేయడం మీద సణుగుడు వినిపిస్తూనే ఉంటుంది. ఆ కొద్ది గంటలైనా ఆ దారి దాని అసలు యజమానులకు మిగలాలి కదా. ఈ నియమాన్ని సడలించమని అడగడం కంటె, పగటి వాహనాలకు కూడ ఒక పరిమితి ఉండాలని అడగడమే న్యాయం.

నడిచి వెళ్లేవారు లేకపోలేదు. వారు ఏటా ఆదోని, ఎమ్మిగనూరు దారుల వెంబడే కనిపిస్తారు. ఉగాదికి ముందు కర్ణాటక నుండి వేలాది భక్తులు పగలు ఎండలో, రాత్రి చీకటిలో శ్రీశైలానికి పాదయాత్ర చేస్తారు. భ్రమరాంబను వారు తమ ఇంటి ఆడపడుచుగా భావిస్తారు. దారిపొడవునా ఊళ్లవారు మజ్జిగ, అన్నం పెట్టి, బొబ్బలెక్కిన కాళ్లకు మందు రాస్తారు. ఆత్మకూరు దాటిన తరువాత వెంకటాపురం దగ్గర అడవిలో అడుగుపెట్టి, నాగలూటి, పెచ్చెర్వు, భీముని కొలను, కైలాసద్వారం మీదుగా వారు కొండ చేరుకుంటారు. శ్రీశైలానికి, అహోబిలానికి మెట్లు కట్టించినవాడు పదునాలుగవ శతాబ్దపు ప్రోలయ వేమారెడ్డి. అంతకు ముందే పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో పర్వత ప్రకరణం పేరిట శ్రీశైల యాత్రకు పెద్ద చోటు ఇచ్చాడు. ఏ మెట్టు దగ్గర నీరు దొరుకుతుందో, ఏ చెట్టు కింద విశ్రమించవచ్చో ఈ కన్నడ యాత్రికులలోని వృద్ధులకు తెలుసు. అడవిని చూచినవారంటే వారే. అయితే వారు నడిచిన దారిలోనూ ఇటీవలి కాలంలో ప్లాస్టిక్ పేరుకుంటున్నదన్న మాట దాచవలసిన పని లేదు. కాలినడకన వెళ్లినంత మాత్రాన ఎవరూ పవిత్రులైపోరు.

అందరూ నడవలేరన్న అభ్యంతరం సహజమే. ముసలివారు, చంటిపిల్లల తల్లులు, సెలవు దొరకని కూలివారు బస్సెక్కడంలో తప్పేమీ లేదు. ఆలూరువారికి అంతకంటె చక్కని దారి కూడ ఉన్నది. గుంతకల్లులో గుంటూరు వైపు వెళ్లే రైలెక్కితే, నంద్యాల దాటి గాజులపల్లె, చలమ, బొగద, దిగువమెట్ట స్టేషన్ల మీదుగా ఆ రైలు నల్లమలను అడ్డంగా చీల్చుకొని పోతుంది. పందొమ్మిదవ శతాబ్దం చివర ఈ మార్గం వేసినప్పుడు లోయను దాటించడానికి దొరబావి దగ్గర ఎత్తయిన వంతెన నిర్మించారు. కిటికీ పక్కన కూర్చున్న పేదవానికి కూడ అడవి తన ఋతువును చూపిస్తుంది: మాఘ ఫాల్గుణాలలో ఆకురాలిన కొమ్మలకు మోదుగ పూలు, శ్రావణంలో ఆకు వెనుక ఆకు.

ఎట్లా వెళ్లినా, అక్కడ కలుసుకోవలసిన మనుషులు చెంచులు. పుట్టతేనె, చెట్టుతేనె, దుంపలు, మూలికలు, జంతువుల అడుగుజాడలు వారి చదువు. అహోబిల నరసింహస్వామి చెంచు కన్యను పెండ్లాడిన కథ తెలుగు నేల అంతటా ప్రసిద్ధం. సంక్రాంతి తరువాత మొదలయ్యే పారువేట ఉత్సవంలో స్వామి నలభై రోజులకు పైగా పరిసర గ్రామాలలో తిరిగి పూజలందుకుంటాడు. అల్లుడికి ఇంత మర్యాద జరుగుతున్నది. అత్తవారింటివారిని మాత్రం అడవికి పరాయివారుగా చూడటం ఆధునిక కాలపు విడ్డూరం. ఎర్రగుడిలో యాత్రాధర్మం చెప్పిన చక్రవర్తి సైతం పదమూడవ శాసనంలో ఆటవికులను హెచ్చరించకుండా ఉండలేకపోయాడు. బైర్లూటి, పచ్చర్లల వద్ద అటవీశాఖ నెలకొల్పిన విడిది కేంద్రాలలో చెంచులకు ఉపాధి దొరుకుతున్నది. ఈ పద్ధతి పెరగాలి. కాని చెంచుపెంటలోకి కెమెరాతో చొరబడి గుడిసెలను, పసిపిల్లలను ఫోటోలు తీసుకొనడం దర్శనం అనిపించుకోదు. ఒక చెంచు యువకుని వెంట రెండు గంటలు మౌనంగా నడిచినవానికి ఏది చిరుత గోటిగీత, ఏది ఎలుగు తవ్విన పుట్ట అన్నది తెలిసి వస్తుంది. ఆ విద్యకు తగిన రుసుము ఇవ్వడం గురుదక్షిణ, దానం కాదు.

ఇంతవరకు చెప్పినది సెలవు ఉన్నవారి సంగతి. ఆలూరు ప్రాంతం నుండి నల్లమలను ఏటా దాటేవారిలో వారు కొద్దిమందే. చేలలో పని అయిపోగానే ఇంటికి తాళం వేసి, వంటపాత్రలు, బియ్యపు మూట, చంటిబిడ్డలతో సహా గుంటూరు సీమ మిరపచేలకు సుగ్గికి పోయే కుటుంబాలే ఎక్కువ. వారి బండి కూడ ఆ చెట్ల మధ్యనుండే పోతుంది. చదువు మధ్యలో ఆపి తల్లిదండ్రుల వెంట పోతున్న పిల్లవానికి ఆ దారి ఏ దృశ్యాన్ని మిగులుస్తుందో పర్యాటక ప్రకటనలు వ్రాసేవారు ఎన్నడూ ఆలోచించలేదు. తరగతిలో వనవర్ణన చదివినప్పుడు ఆ పిల్లవాడు నోరు విప్పితే, కారులో వెళ్లి వచ్చిన తోటివిద్యార్థి కంటె ఎక్కువే చెప్పగలడు. అడిగేవారు ఉండాలి. అతడు తరగతిలో ఉండాలి.

దూరపు అడవిని చూచే కన్ను దగ్గరి గుట్టమీద అలవడుతుంది. హొళగుంద మండలంలో నెరణికి దగ్గరి దేవరగట్టు పేరు చెప్పగానే విజయదశమి రాత్రి జరిగే బన్ని ఉత్సవం, కర్రలు, కాగడాలు, పగిలిన తలలు, పోలీసు బందోబస్తు గుర్తుకు వస్తాయి. మాళ మల్లేశ్వరస్వామి కొలువైన ఆ కొండకు సంవత్సరంలో మిగిలిన రోజులు కూడ ఉన్నాయి. వానలు వెనుకబట్టి, చలి ఇంకా ముదరని కార్తికంలో ఉదయమే గట్టు ఎక్కితే రాళ్ల సందుల్లో పచ్చిక, సీతాఫలపు పొదలు, కింద చతురస్రాలుగా పరచుకొన్న చేలు కనిపిస్తాయి.

దేవనకొండ మండలంలోని కప్పట్రాళ్ల అడవి మరొకటి. నల్లమలతో పోలిస్తే అది పొదల గుంపే. 2024లో అక్కడ యురేనియం అన్వేషణకు బోర్లు వేసే ప్రతిపాదన బయటపడినప్పుడు చుట్టుపక్కల గ్రామాలవారు రోడ్డెక్కి అడ్డుచెప్పారు. తవ్వకాలు ఉండవని ప్రభుత్వం ప్రకటించింది. పర్యాటకులు ఎన్నడూ రాని ఆ అడవి కొరకు నిలబడినవారు గొర్రెలు మేపుకొనేవారు, సేద్యం చేసుకొనేవారు. అందులోని ప్రతి ముళ్లచెట్టుకూ వారి నోట ఒక పేరున్నది. సరిహద్దు ప్రాంతం కనుక కొన్ని పేర్లు తెలుగు, కొన్ని కన్నడం, కొన్ని రెండూ కలిసినవి. వాటిలో చాలా వరకు నిఘంటువులకు ఎక్కలేదు. ఆలూరు విద్యార్థుల తొలి వనయాత్ర అక్కడికే కావచ్చు. ఒక కాపరి వెంట పూటంతా తిరిగి, అతడు చెప్పిన పేర్లను అతడు పలికినట్లే వ్రాసుకొని రావచ్చు.