చిన్న ట్రాక్టరు కొనుగోలు: దూరపు డీలరా, దగ్గరి డీలరా?

మన దేశంలో సాగు కమతాలు తరం తరానికీ చిన్నవి అవుతున్నాయి. 2015–16 వ్యవసాయ గణన ప్రకారం సగటు కమతం 1.08 హెక్టార్లు మాత్రమే. మొత్తం కమతాలలో 86 శాతం రెండు హెక్టార్ల లోపువే. ఇటువంటి కమతాలకు 45 అశ్వశక్తి ట్రాక్టరు భారమే అవుతుంది. అందువల్లనే 15 నుండి 25 అశ్వశక్తి గల చిన్న ట్రాక్టర్ల వైపు రైతులు మొగ్గు చూపుతున్నారు. మామిడి, బత్తాయి తోటలలో చెట్ల వరుసల మధ్యకు, కూరగాయల మళ్ళలోకి, పత్తి, చెరకు సాళ్ళలో అంతరకృషికి ఇవి అనువుగా ఉంటాయి. పెట్టుబడి తక్కువ, డీజిలు ఖర్చు తక్కువ.

అయితే ఋణం కోసం బ్యాంకు శాఖకు వచ్చే రైతు చేతిలో తరచుగా రెండు కొటేషన్లు ఉంటాయి. ఒకటి సమీప పట్టణంలోని డీలరు ఇచ్చినది. రెండవది మూడు నాలుగు వందల కిలోమీటర్ల దూరాన, ఒక్కొక్కసారి పొరుగు రాష్ట్రంలో ఉన్న డీలరు ఫోనులో పంపినది. ట్రాక్టరు ఒకటే, మోడలు ఒకటే. కాని దూరపు డీలరు ధర ఇరవై, పాతిక వేలు తక్కువ. ఏది ఎంచుకోవాలి?

నా అభిప్రాయం ముందుగానే చెబుతాను. ట్రాక్టరును ఎంత దూరం నుండి తెచ్చుకున్నారన్నది ముఖ్యం కాదు. అది పొలంలో ఆగిపోయిన నాడు, కావలసిన విడిభాగంతో సహా మెకానిక్కు ఎంత దూరం నుండి రావాలన్నదే ముఖ్యం. కొనుగోలు ఒక్కరోజు పని. సర్వీసు పది సంవత్సరాల అవసరం. కొటేషనులో మొదటిదానికే అంకె ఉంటుంది, రెండవదానికి ఉండదు. ఆ కనబడని అంకెను మీరే వేసుకోవాలి.

ధరలో తేడా ఎక్కడిది?

ఒకప్పుడు పొరుగు రాష్ట్రంలో కొనడానికి పన్ను ఒక కారణంగా ఉండేది. అమ్మకపు పన్ను రాష్ట్రానికొక తీరుగా ఉండేది. 2017 జూలై 1న జి.ఎస్.టి. అమలులోకి వచ్చిన తరువాత ఆ తేడా పోయింది. ట్రాక్టరుపై 12 శాతంగా ఉన్న జి.ఎస్.టి.ని 2025 సెప్టెంబరు 22 నుండి 5 శాతానికి తగ్గించారు. పన్నుకు ముందు ధర 4,00,000 రూపాయలైతే, పూర్వం 48,000 రూపాయలు ఉన్న పన్ను ఇప్పుడు 20,000 రూపాయలే. ఈ తగ్గింపు కర్నూలులో కొన్నా, రాయచూరులో కొన్నా సమానమే. దీనిని తన ప్రత్యేక రాయితీగా ఏ డీలరు చెప్పినా నమ్మవద్దు.

మరి తేడా ఎక్కడిది? మూడు చోట్ల వెతకండి. మొదటిది డీలరు తన కమిషనులో కొంత వదులుకోవడం. ఇది నిజమైన లాభమే. రెండవది పాత నిల్వ. నిరుటి ఉత్పత్తిని వదిలించుకోవడానికి ధర తగ్గించి ఉండవచ్చు. తయారైన నెల, సంవత్సరం రిజిస్ట్రేషను పత్రంలో నమోదవుతాయి. రేపు మీరు అమ్మబోయినప్పుడు కొనేవాడు మొదట చూసేది ఆ సంవత్సరాన్నే. మూడవది కొటేషనులో చేర్చని అంశాలు. ఒక కొటేషనులో బంపరు, హుక్కు, పనిముట్ల పెట్టె, బీమా, రిజిస్ట్రేషను ఖర్చు కలిసి ఉంటాయి, మరొకదానిలో ఉండవు. రెండింటినీ ఒకే కాగితంపై పక్కపక్కన వ్రాసి పోల్చితే, పాతిక వేల తేడా తరచుగా పది వేలకు దిగుతుంది.

చిన్న ట్రాక్టరుకు దూరం పెద్ద భారం

పెద్ద ట్రాక్టరు విషయంలో దూరం అంతగా బాధించదు. 35, 45 అశ్వశక్తి ట్రాక్టర్లు ప్రతి ఊరిలోనూ ఉన్నాయి. వాటి ఫిల్టర్లు, బెల్టులు మండల కేంద్రంలోని సాధారణ దుకాణంలో దొరుకుతాయి. వాటిని విప్పి బిగించగల మెకానిక్కులు ఊరూరా తయారయ్యారు. డీలరు లేకపోయినా పని ఆగదు.

చిన్న ట్రాక్టరు సంగతి వేరు. మండలం మొత్తానికి ఆ మోడలు నాలుగో అయిదో ఉంటాయి. దాని క్లచ్ ప్లేటు, ఆయిల్ సీళ్ళు, ముందు టైరు కొలత వేరు. అమ్ముడుపోవన్న భయంతో సాధారణ దుకాణదారు వాటిని నిల్వ చేయడు. ఊరి మెకానిక్కుకు ఆ ఇంజను పరిచయం ఉండదు. పనిముట్లు కూడా అంతే. పొరుగువారి పెద్ద రోటవేటరును, కల్టివేటరును దీనికి తగిలించలేము. దాని శక్తికి, వెడల్పుకు, వెనుక లింకేజీ కొలతకు సరిపోయే పనిముట్టే కావాలి. కావున ఈ ట్రాక్టరుకు డీలరే మెకానిక్కు, డీలరే విడిభాగాల దుకాణం. పెద్ద ట్రాక్టరు కొన్నవారి అనుభవాన్ని చిన్న ట్రాక్టరుకు వర్తింపజేయడం ప్రమాదకరం.

లెక్క వేసి చూడండి

ఊహించిన అంకెలతోనే ఒక లెక్క వేద్దాం. మీ ప్రాంతపు రేట్లతో మీరు మార్చుకోవచ్చు. దూరపు డీలరు ధర 25,000 రూపాయలు తక్కువ అనుకుందాం. లారీ కిరాయి, ఎక్కించి దించే ఖర్చు 10,000 రూపాయలు. మీరు, తోడుగా మరొకరు రెండు పర్యాయాలు వెళ్ళి రావడానికి 3,000 రూపాయలు. మిగిలినది 12,000 రూపాయలు. ఋణ కాలం ఏడు సంవత్సరాలైతే, ఏడాదికి మీకు మిగిలేది సుమారు 1,700 రూపాయలు.

ఇక రెండవ వైపు చూడండి. తొలకరి పడింది. నేల పదును మీద ఉంది. మీ ట్రాక్టరు హైడ్రాలిక్ పనిచేయడం మానింది. మరొక ట్రాక్టరును కిరాయికి తెస్తే గంటకు 800 రూపాయల వంతున ఆరు గంటలకు 4,800 రూపాయలు. అంటే దగ్గరి డీలరుకంటే దూరపు డీలరు మనిషి ఏడాదికి ఒక్కరోజు ఆలస్యంగా వచ్చినా, ఆ ఏటి లాభం పోయి పైగా మూడు వేల నష్టం. ఆ వారంలో కిరాయికి ట్రాక్టరు దొరకకపోతే పోయేది కిరాయి కాదు, అదును. అదునుకు వెల కట్టే కొటేషను ఏ డీలరూ ఇవ్వలేడు.

పైగా ట్రాక్టరు ఆగినంత మాత్రాన వడ్డీ ఆగదు. మీ సొంత పొలం పనితోపాటు ఇతరుల పొలాలలో కిరాయి పని చేసి వాయిదా కట్టాలన్నది మీ ఆలోచన అయితే, పనిచేసిన గంటలే మీ వాయిదా సొమ్ము.

కాగితాల దూరం

రాష్ట్రం దాటి కొంటే మరికొన్ని పనులు మీ మీద పడతాయి. కొత్త వాహనాన్ని అదే రాష్ట్రంలో రిజిస్టరు చేయవలసినప్పుడు దరఖాస్తు బాధ్యత డీలరుదే. వేరే రాష్ట్రమైతే అక్కడ తాత్కాలిక రిజిస్ట్రేషను తీసుకుని, ఇక్కడకు తెచ్చి, శాశ్వత రిజిస్ట్రేషను మీరే చేయించుకోవాలి. అమ్మకపు ధ్రువపత్రమైన ఫారం 21, తయారీదారు ఇచ్చే ఫారం 22, ఇన్వాయిస్, బీమా పత్రం అన్నీ చేతికి అందనిదే బయలుదేరవద్దు. ఇంజను నంబరు, చాసిస్ నంబరు ప్రతి కాగితంలోనూ ఒకే విధంగా ఉన్నాయో లేదో అక్కడే సరిచూడండి. ఒక్క అక్షరం తప్పినా సరిదిద్దించడానికి మళ్ళీ నాలుగు వందల కిలోమీటర్లు పోవలసి వస్తుంది. లారీపై రాష్ట్రం దాటించేటప్పుడు ఈ-వే బిల్లు తప్పనిసరి. బ్యాంకు హైపోథికేషన్ రిజిస్ట్రేషను పత్రంలో నమోదు అయ్యేవరకు ఋణ వ్యవహారం పూర్తి కానట్లే. ప్రభుత్వ రాయితీ ఆశించేవారు, ఏ డీలరు వద్ద కొంటే అది వర్తిస్తుందో వ్యవసాయ శాఖ కార్యాలయంలో ముందుగానే విచారించుకోవాలి.

డబ్బు విషయంలో మరీ జాగ్రత్త అవసరం. ఫోనులో చూసిన ప్రకటనను నమ్మి, ఎవరో చెప్పిన వ్యక్తిగత ఖాతాకు బయానా పంపవద్దు. డీలరు సంస్థ పేరు, జి.ఎస్.టి. నంబరు, తయారీ కంపెనీ ఇచ్చిన అధికార పత్రం నిర్ధారించుకున్న తరువాతనే, సంస్థ ఖాతాకే, బ్యాంకు ద్వారానే చెల్లింపు జరగాలి.

వివాదం వస్తే చట్టం ఇప్పుడు కొంత మేలు చేసింది. 2020 జూలై 20న అమలులోకి వచ్చిన 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, డీలరు ఎక్కడ ఉన్నా మీరు నివసించే జిల్లాలోని వినియోగదారుల కమిషనులోనే ఫిర్యాదు చేయవచ్చు. రెండేళ్ళలోపు చేయాలి. చెల్లించిన ధర అయిదు లక్షల లోపైతే రుసుము లేదు. ఈ హక్కును తెలుసుకొని ఉండండి. అయితే తీర్పు పరిహారాన్ని ఇప్పించగలదు గాని, పోయిన ఖరీఫును తిరిగి తేలేదు.

దగ్గరివాడైనంత మాత్రాన మంచివాడు కాదు

ఇంతవరకు చదివి, స్థానిక డీలరునే కళ్ళు మూసుకొని నమ్మమంటున్నానని అనుకోవద్దు. బోర్డు మాత్రమే ఉండి, సర్వీసు లేని డీలర్లు లేకపోలేదు. ఇక్కడ తప్ప మరెక్కడ కొంటారన్న ధీమాతో ధర పెంచేవారు, అక్కరలేని పరికరాలను అంటగట్టేవారు, తాము చెప్పిన కంపెనీలోనే బీమా చేయించాలని ఒత్తిడి చేసేవారు ఉన్నారు. వారి వద్ద అధిక ధర చెల్లించడం రెండు విధాలా నష్టం.

కాబట్టి షోరూము అద్దాలను చూసి తిరిగి రాకండి. వెనుకనున్న విడిభాగాల గదిని చూపమనండి. మీరు కొనబోయే మోడలు ఫిల్టర్లు, ఫ్యాన్ బెల్టు, క్లచ్ ప్లేటు, ఆయిల్ సీళ్ళు ఆ గదిలో ఉన్నాయా? మెకానిక్కు ఎవరు, ఆ మోడలును అతడు ఇంతకుముందు విప్పాడా? రెండేళ్ళ క్రితం అక్కడే అదే మోడలు కొన్న ఇద్దరు రైతుల పేర్లు అడిగి, వారి పొలానికి వెళ్ళి మాట్లాడండి. ఈ మూడు పరీక్షలలో నెగ్గిన స్థానిక డీలరు పది వేలు ఎక్కువ అడిగినా ఇవ్వదగినవాడే. నెగ్గనివాడు పక్క వీధిలో ఉన్నా దూరపువాడే.

దూరపు కొండలు నునుపు అని ఎందుకన్నారో, పెరటి చెట్టు మందుకు పనికిరాదని ఎందుకు ఎగతాళి చేశారో మనకు తెలుసు. రెండు సామెతలూ ఒకే దురలవాటును గురించినవి: దగ్గరకు వెళ్ళి చూడకుండానే నిర్ణయించడం.

దూరం వెళ్ళక తప్పనప్పుడు

కొన్ని సందర్భాలలో దూరపు కొనుగోలే సరైనది. మీ తోటకు సరిపోయే వెడల్పు గల మోడలు ఈ ప్రాంతంలో లేకపోవచ్చు. ఉన్న ఒక్క డీలరూ పై పరీక్షలలో తప్పవచ్చు. అప్పుడు నాలుగు పనులు చేయండి. ఒకటి, ఆ కంపెనీకి మీకు సమీపంలో ఉన్న మరొక డీలరు లేదా సర్వీసు కేంద్రం నుండి, వారంటీ కాలంలో సర్వీసు చేస్తామని ముందుగానే వ్రాతపూర్వకంగా తీసుకోండి. వారంటీ తయారీ కంపెనీదే అయినా, దానిని నెరవేర్చేది మీ ముందున్న మనిషే. రెండు, త్వరగా అరిగే భాగాలను ట్రాక్టరుతోపాటే కొని ఇంట్లో ఉంచుకోండి. మూడు, సర్వీసు పుస్తకంలో చెప్పిన గంటలకు తప్పక సర్వీసు చేయించి ముద్ర వేయించండి. ముద్ర లేదన్న కారణంతో వారంటీ నిరాకరించే అవకాశం వారికి ఇవ్వకండి. నాలుగు, మీ ఇంటిలో ఒకరైనా యంత్రం నేర్చుకోండి. అనంతపురం జిల్లా గార్లదిన్నెలో దక్షిణ ప్రాంత వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఉన్నది. అటువంటి శిక్షణ పొందిన కుమారుడో, కుమార్తెయో ఇంట ఉంటే, సగం మరమ్మతులకు ఏ డీలరు దూరమూ అడ్డు కాదు.

డీలర్లకు, బ్యాంకులకు

డీలరు మిత్రులకు ఒక మనవి. వేరొక చోట కొన్న ట్రాక్టరు మీ ముంగిట నిలిచినప్పుడు, “కొన్నచోటికే పొండి” అనవద్దు. అమ్మకం ఒక్కసారి వచ్చే ఆదాయం; సర్వీసు, విడిభాగాలు ఏటేటా వచ్చే ఆదాయం. ఈనాడు మీరు ఆదరించిన రైతు తన రెండవ ట్రాక్టరును, తన బంధువుల ట్రాక్టర్లను మీ వద్దనే కొంటాడు. దూరపు ధరతో పోటీపడలేకపోతే బాధపడకండి. ఫిర్యాదు అందిన ఎన్ని గంటలలో మనిషిని పంపగలరో కొటేషనుపైనే వ్రాసి ఇవ్వండి. దూరపు డీలరు వ్రాయలేనిది ఆ ఒక్క వాక్యమే.

బ్యాంకు శాఖలు కూడా కొటేషనులో ధరను మాత్రమే చూసి తృప్తిపడరాదు. సర్వీసు ఎవరు, ఎక్కడి నుండి, ఎంత కాలంలో అందిస్తారో తెలిపే ఒక కాగితాన్ని ఋణ దరఖాస్తుతోపాటు కోరడం కష్టమైన పని కాదు. తనఖాగా ఉన్న యంత్రం నడిస్తేనే ఋణం తీరుతుంది. తుప్పు పట్టి కొట్టంలో నిలిచిన ట్రాక్టరు రైతుకూ ఆస్తి కాదు, బ్యాంకుకూ హామీ కాదు.

రైతు సోదర సోదరీమణులారా, రెండు కొటేషన్లను చేతపట్టుకొని నిర్ణయించే ముందు, ప్రతిదానిపై మరొక అంకెను మీరే వ్రాయండి: పదును మీద ట్రాక్టరు ఆగితే అది తిరిగి నడవడానికి పట్టే రోజులు. ఆ అంకె తక్కువగా ఉన్న కొటేషనే మీకు చౌక.