ముందు గెలిచి రమ్మంటారు!

ఏటా జోన్ పోటీలు అయిపోగానే ఒక మాట వినపడుతుంది. "సర్కారు బడి పిల్లలు ఈసారి కూడా మొదటి రౌండులోనే పోయారు." ఎగతాళి చేసేవాళ్లూ ఈ మాటే అంటారు, జాలిపడేవాళ్లూ ఈ మాటే అంటారు. సరేనయ్యా, ఆటస్థలం ఇవ్వండి, వ్యాయామం సారును ఇవ్వండి, పిల్లల కాళ్లకు బూట్లు ఇవ్వండి అని అడిగితే వచ్చే జవాబు ఒక్కటే. "ముందు మీ పిల్లల్ని గెలిచి రమ్మనండి, తర్వాత చూద్దాం."

ఈ జవాబు మనకు కొత్త గాదు. ముందు శుభ్రంగా ఉండడం నేర్చుకోండి, తర్వాత బావి దగ్గరకు రానిస్తాం అన్నవాళ్ల నోటి మాటే ఇది. నీళ్లు ముట్టనీయకుండా శుభ్రం ఎట్లా వస్తుందని మన పెద్దలు ఆనాడు అడిగారు. నేల లేకుండా ఆట ఎట్లా వస్తుందని ఈనాడు మనం అడగాలి.

కృష్ణానగర్ సంగతే తీసుకుందాం. ఈ పిల్లలకు పాఠాలు చెప్పేవాణ్ణి గనుక చూసిందే చెబుతున్నాను. పైన కొండ మీద జూబ్లీహిల్స్, ఫిలింనగర్. కింద కృష్ణానగర్, ఇందిరానగర్, యూసుఫ్‌గూడ బస్తీలు. పైన సినిమా తీసేవాళ్లు, కింద ఆ సినిమాకు లైట్లు మోసేవాళ్లు, గుంపులో నిలబడేవాళ్లు, బండ్లు నడిపేవాళ్లు, బంగళాల్లో అంట్లు తోమేవాళ్లు. పాలమూరు నుంచి, నల్లగొండ నుంచి, గోదావరి జిల్లాల నుంచి, ప్రకాశం నుంచి వచ్చినవాళ్లు ఇరుకు గదుల్లో ఉంటారు. పేరు సంపాదించిన సినిమావాళ్లు ఇంటర్వ్యూల్లో 'కృష్ణానగర్ కష్టాలు' అని చెప్పుకుంటుంటారు. వాళ్లకది దాటిపోయిన మెట్టు. మన పిల్లలకది ఇల్లు.

ఇట్లాంటి చోట చిన్న సర్కారు హైస్కూలంటే ఎట్లుంటుంది? ఉన్న వాకిట్లోనే ప్రార్థన. ఒక మూల వంటషెడ్డు, ఇంకో మూల టీచర్ల స్కూటర్లు. మిగిలిన జాగాలో ముగ్గుపిండితో గీతలు గీస్తే అదే కబడ్డీ కోర్టు. వాలీబాల్ గట్టిగా కొడితే గోడ దాటి పక్కింట్లో పడుతుంది, ఇంటాయన బంతి ఇవ్వడు. ఇదీ మన మైదానం. పిల్లల ఉచిత నిర్బంధ విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది. బడికి ఉండాల్సిన వాటిలో ఆటస్థలం ఒకటని ఆ చట్టం షెడ్యూల్లోనే రాసుంది. రాసినవాళ్లు కృష్ణానగర్ వచ్చి చూడలేదు.

ఇక జట్టు సీజను. జూన్లో బడి తెరుస్తారు. పుస్తకాలు, యూనిఫారాలు, కొత్త పిల్లల్ని చేర్చుకోవడంతోనే ఆ నెల పోతుంది. జులైలో జట్టు పేర్లు రాస్తాం. అప్పటికి వానలు దిగుతాయి. జూబ్లీహిల్స్ కొండ మీద పడ్డ వాన కృష్ణానగర్ సందుల్లోకి వస్తుంది, స్కూటర్లు కొట్టుకుపోతుంటే టీవీలో చూపిస్తారు. నీళ్లు మాత్రం పైనుంచి మన గడప దాకా వస్తాయి. నేల రాదు.

ఆగస్టు నుంచి పోటీలు. ఆగస్టు 29 జాతీయ క్రీడాదినం, ఆ రోజు ఉపన్యాసాలకు లోటుండదు. జట్టును పోటీకి తీసుకుపోవాలంటే మాత్రం బస్సు చార్జీలు సార్ల జేబులోంచే. కబడ్డీకి ఏడుగురు కావాలి. ఆడపిల్లల జట్టులో పోటీరోజు పొద్దున ఇద్దరు రారు. ఏంటమ్మా అంటే, "అమ్మకు ఐదింటికే షూటింగుందన్నరు సార్, తమ్ముణ్ణి ఎవరు చూస్తరు?" ఆ పిల్లది తప్పా? ఆ తల్లిది తప్పా? రోజు కూలి వదులుకుంటే ఆ పూట పొయ్యి వెలగదు. రికార్డులో మాత్రం 'జట్టు హాజరు కాలేదు' అని ఎక్కుతుంది.

దసరా సెలవుల్లో ఫీజులు గుంజే బడులు పిల్లలకు క్యాంపులు పెడతాయి. మన పిల్లలు ఊరెళతారు, లేకపోతే పనికెళతారు. సంక్రాంతి దాటితే పదో తరగతి ప్రత్యేక క్లాసులు, ఆట బంద్. మొత్తం కూడితే మన జట్టు కలిసి సాధన చేసిన రోజులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. పై ఏడు కెప్టెన్ పది పాసై లైట్‌బాయ్‌గా చేరతాడు. మళ్లీ ఒకటి నుంచి మొదలు.

బడికి వ్యాయామం సారు ఉన్నచోట కూడా ఆయన చేత ఆట తప్ప అన్నీ చేయిస్తారు. ప్రార్థనకు వరస కట్టించేది ఆయనే, అన్నం దగ్గర అల్లరి ఆపేది ఆయనే. ఎలక్షన్ డ్యూటీ ఎటూ ఉంది. టీచరు ఎవరైనా సెలవు పెడితే ఆటల పీరియడునే లెక్కలకో ఇంగ్లీషుకో ఇచ్చేస్తారు.

అయినా పిల్లలు ఆడతారు! ఒక ఏడాది ఆడపిల్లల ఖోఖో జట్టు రెండు రౌండ్లు గెలిచింది. పొద్దున్నే బెల్లు కొట్టక ముందు వరండాలో సాధన చేసేవాళ్లు. వరండా స్తంభాలే వాళ్లకు పోళ్లు. మూడో రౌండులో ఓడిపోయారు. బహుమతులిచ్చిన పెద్దమనిషి మెచ్చుకుంటూ, "గవర్నమెంటు పిల్లలైనా బాగా ఆడారు" అన్నాడు. ఆ 'అయినా' ఉంది చూశారూ, కులం ఇప్పుడు అందులో కాపురముంటోంది. 1990లో మండల్ సిఫారసుల మీద రోడ్డెక్కినవాళ్లు 'ప్రతిభ' అని అరిచారు. ఆ ప్రతిభే ఆటలోకొచ్చేసరికి 'అయినా' అయింది.

పోనీ, గెలిస్తే ఇస్తారా? పల్వంకర్ బాలూ కథ చూడండి. చమార్ కులస్తుడు. పూనాలో తెల్లదొరల క్లబ్బులో నెలకు 4 రూపాయల జీతానికి పిచ్ చదును చేసేవాడు, దొరలకు బంతులేసేవాడు. హిందువుల జట్టుకు బౌలరు కావాల్సొచ్చి పిలిచారు. మైదానంలో ఆయన ముట్టిన బంతిని అందరూ ముట్టారు. విరామంలో మాత్రం ఆయన టీ మట్టిముంతలో, పెవిలియన్ బయట. 1911లో ఇంగ్లాండు వెళ్లి 114 వికెట్లు తీశాడు. అయినా ఆయన్ని కెప్టెన్ని చేయలేదు. హిందువుల జట్టు ఆయన తమ్ముడు విఠల్‌ను కెప్టెన్‌గా ఒప్పుకోడానికి 1923 దాకా పట్టింది. గెలిచి చూపిస్తే హక్కులొస్తాయన్నది పచ్చి అబద్ధం. హక్కు కోసం కొట్లాడితేనే వచ్చింది.

నేల ఉంటే ఏమవుతుందో ఈ హైదరాబాదులోనే రుజువైంది. సయ్యద్ అబ్దుల్ రహీం బడిపంతులు. మనలాగే సుద్దముక్క పట్టినవాడు. పిల్లలకు కొత్త కొత్త పోటీలు పెట్టేవాడు. ఒకదాంట్లో డ్రిబ్లింగ్ చేయొద్దు, ఇంకోదాంట్లో చేతగాని కాలితోనే తన్నాలి. ఆయన తయారు చేసిన హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్పు గెలిచింది. సికింద్రాబాద్ అమ్ముగూడలో పేదింట్లో పుట్టిన తులసీదాస్ బలరాం 1956లో, 1960లో ఒలింపిక్స్ ఆడాడు. రహీం కోచ్‌గా భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానానికి వెళ్లింది, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం తెచ్చింది. ఒక ముస్లిం బడిపంతులు, బస్తీల పిల్లలు, వాళ్లకొక మైదానం, ఆడితే తిండిపెట్టే పోలీసు ఉద్యోగం. అందులో మాయేమీ లేదు.

ఇప్పుడు పోలీసు మైదానం ఎక్కడుంది? మన పక్కనే, యూసుఫ్‌గూడ బెటాలియన్లో ఉంది. అక్కడ సినిమా విడుదలకు ముందు పెద్ద పెద్ద ఫంక్షన్లు జరుగుతాయి. హీరోను చూడ్డానికి మన పిల్లలు గేటు దగ్గర తొక్కిసలాడతారు. ఆ పక్కనే కోట్ల విజయభాస్కరరెడ్డి ఇండోర్ స్టేడియం. ప్రజల సొమ్ముతో కట్టిందే. ఆ గేటు లోపల సర్కారు బడికని రాసిపెట్టిన గంట ఏది?

సినిమావాళ్లకు బడి ఆటల కథ తెలియదనుకోకండి. 2011లో ఇంద్రగంటి మోహనకృష్ణ 'గోల్కొండ హైస్కూల్' తీశాడు. బడి మైదానాన్ని ఐ.ఐ.టి. కోచింగ్ సెంటరుకు తీసుకోబోతే, పిల్లల క్రికెట్ జట్టు గెలిచి దాన్ని నిలబెట్టుకుంటుంది. మంచి సినిమానే. కాని వాళ్లకు పోగొట్టుకోడానికి ఒక మైదానముంది. మనకు పోగొట్టుకోడానికి కూడా లేదు. అక్కడా షరతు అదే చూడండి, గెలిస్తేనే మైదానం! రహీం మీద 'మైదాన్' 2024లో బొంబాయివాళ్లు తీశారు. నాగపూర్ బస్తీ పిల్లల ఫుట్‌బాల్ మీద మన నాగరాజ్ మంజులే 2022లో 'ఝుండ్' తీశాడు. నిజామాబాద్ జిల్లా లంబాడీ పిల్ల పూర్ణ మీద 2017లో సినిమా తీసింది కూడా హిందీవాళ్లే. బొంబాయికి కనపడ్డవాళ్లు ఫిలింనగర్ కొండ మీంచి కనపడలేదు.

ఆ పూర్ణ సంగతే మనకు అసలు పాఠం. 2014 మే 25న 13 ఏళ్ల మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లా దళిత కుర్రాడు సాధనపల్లి ఆనంద్‌కుమార్ ఎవరెస్టు ఎక్కారు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలు. వాళ్లకు భువనగిరి గుట్ట మీద, డార్జిలింగ్‌లో, లడఖ్ మంచులో నేర్పించారు, తిండి పెట్టారు, బూట్లు తొడిగారు. ముందు శిఖరం ఎక్కి రండి, తర్వాత బూట్లిస్తాం అని ఎవరూ అనలేదు. అందుకే ఎక్కారు. గురుకులంలో వీలైంది కృష్ణానగర్ బడిలో ఎందుకు వీలుకాదు?

కాబట్టి మనం అడగాల్సింది స్పష్టంగా అడుగుదాం.

ఒకటి: యూసుఫ్‌గూడ స్టేడియం, పోలీసు మైదానం బడి వదిలాక రోజూ రెండు గంటలు చుట్టుపక్కల సర్కారు బడుల పిల్లలకు ఉచితంగా ఇవ్వాలి. మాటతో కాదు, ఉత్తర్వుతో.

రెండు: ప్రతి హైస్కూలుకు వ్యాయామోపాధ్యాయుడు ఉండాలి. ఆయన చేత ఆటలే నేర్పించాలి.

మూడు: జట్టు పిల్లలకు పాలు, గుడ్డు, బూట్లు, ప్రయాణ ఖర్చులు పోటీలకు ముందే అందాలి. 2017 చట్టం ప్రకారం ఎస్సీ, ఎస్టీ ప్రత్యేక అభివృద్ధి నిధి ఉంది. మన పిల్లల కాళ్లకు బూట్లు ఆ నిధి ఖర్చు కాకపోతే మరేది ఖర్చు?

నాలుగు: ఆడపిల్లల సాధన బడి వేళల్లోనే జరగాలి. సాయంత్రం వాళ్లది కాదు, ఇంటిపనిది.

అయిదు: ప్రభుత్వ మైదానంలో సినిమా ఫంక్షన్ జరిగితే ఆ అద్దెలో వాటా ఆ ప్రాంతపు బడుల ఆటలకు రావాలి. స్టూడియోలు కట్టుకోమని సర్కారు ఈ కొండల మీద ఎకరాలకు ఎకరాలు ఇచ్చింది. 1976లో మొదలైన అన్నపూర్ణ స్టూడియో ఒక్కటే 22 ఎకరాలు. పరిశ్రమ పెరగాలంటే ముందు నేల కావాలని సర్కారుకు ఆనాడు తెలిసింది. సినిమా తీసి హిట్టు కొట్టి రండి, తర్వాత స్థలం చూద్దాం అనలేదు. ఆ తెలివి పిల్లల దగ్గరకొచ్చేసరికి ఎటు పోతోంది?

భూమి అంటే పంటచేనే అనుకుంటాం. ఆటస్థలం కూడా భూమే. పొలం దక్కనీయనట్టే, బావి దక్కనీయనట్టే, ఇదీ మనకు దక్కకుండా పోయింది. బస్తీల్లోని యువజన సంఘాలు, మహిళా సంఘాలు, అంబేద్కర్ సంఘాలు వచ్చే జూన్లో బడి తెరవక ముందే కదలాలి. తల్లిదండ్రుల్ని వెంటబెట్టుకుని కలెక్టరు దగ్గరకు పోదాం. జట్టు పేర్లు జులైలో రాస్తాం. మైదానం అంతకన్నా ముందు కావాలి.

జై భీమ్!