లా సీటుకు చదువుకునే గది కావాలి: రాత్రి పది దాకా తెరిచి ఉండాలి

బసంత్‌నగర్, కన్నాల, పాలకుర్తి, రామగుండం చుట్టుపక్కల తల్లిదండ్రులకు, ఇంటర్, డిగ్రీ చదివే పిల్లలకు, రిటైరైన పెద్దలకు, యూనియన్ నాయకులకు విన్నపం.

చాలా జిల్లా కేంద్రాల్లో లేని లేబర్ కోర్టు మన గోదావరిఖనిలో ఉంది. ఊరికే రాలేదు. మస్టర్లు (హాజరు) తక్కువ పడి డిస్మిసైన కార్మికుడు, ఓపెన్‌కాస్టు కింద భూమి పోయిన రైతు, భర్త పోయాక సీఎంపీఎఫ్ (బొగ్గు గనుల భవిష్య నిధి) లెక్క తేలక తిరిగే ఆడబిడ్డ, కాంట్రాక్టరు మారినప్పుడల్లా సర్వీసు మొదటికొచ్చే కూలీ... ఈ కోల్‌బెల్ట్‌లో చట్టంతో పని పడని ఇల్లు వెతికినా దొరకదు. 2017లో సింగరేణి వారసత్వ ఉద్యోగాల పథకాన్ని హైకోర్టు కొట్టేసినప్పుడు బాయి మీదా ఇంట్లోనూ అదే ముచ్చట. ఆ తీర్పును సొంతంగా చదివి, అందులో ఏముందో నలుగురికీ చెప్పగలిగినవాళ్లు మనలో ఎందరున్నారు? కంపెనీ చార్జిషీటు చేతికొచ్చినా అంతే. ముందు టీ కొట్టు దగ్గర ఎవరినో అడిగి చదివించుకుంటాం, తర్వాత యూనియన్ ఆఫీసుకు పోతాం, ఆఖరికి వకీలు సాబ్ దగ్గరికి. అప్పటికి జవాబిచ్చే గడువులో సగం కరిగిపోతుంది.

ఇలాంటి చోట పుట్టిన పిల్లలు లా చదువు వైపు తలెత్తి చూడరు. పది పాసవగానే ఎంపీసీ, కాకపోతే బైపీసీ. అప్పు చేసి హైదరాబాద్ హాస్టల్లో వేస్తాం. లా మాటెత్తితే "ఏ సీటూ రాకపోతే అప్పుడు చూద్దాం లే" అంటాం. ఆ "అప్పుడు" వచ్చేసరికి పెద్ద లా కాలేజీల పరీక్ష అయిపోయి ఉంటుందన్న సంగతి ఎవరికీ తెలియదు.

కాబట్టి ముందు పరీక్షల సంగతి చెప్పుకుందాం. మన పిల్లల ముందున్నవి రెండు. మొదటిది లాసెట్. ఇంటర్ తర్వాత ఐదేళ్ల కోర్సుకు, డిగ్రీ తర్వాత మూడేళ్ల కోర్సుకు ఇదే దారి. ఉస్మానియా లా కాలేజీ అయినా, హన్మకొండ సుబేదారిలోని కాకతీయ యూనివర్సిటీ లా కాలేజీ అయినా ఈ ర్యాంకుతోనే. 90 నిమిషాలు, 120 ప్రశ్నలు, కంప్యూటర్ మీద. జనరల్ నాలెడ్జ్, మెంటల్ ఎబిలిటీ కలిపి 30, కరెంట్ అఫైర్స్ 30, న్యాయ విద్యకు సంబంధించిన ఆప్టిట్యూడ్ 60. ప్రశ్నలు తెలుగులోనూ ఉంటాయి. తప్పు జవాబుకు మార్కు కోయరు. క్వాలిఫై కావడానికి 35 శాతం, అంటే 42 మార్కులు చాలు. ఎస్సీ, ఎస్టీ పిల్లలకు ఆ పరిమితి కూడా లేదు.

రెండోది క్లాట్. షామీర్‌పేటలోని నల్సార్, విశాఖపట్నంలోని దామోదరం సంజీవయ్య యూనివర్సిటీ, బెంగళూరులోని నేషనల్ లా స్కూల్, ఇలా జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాలకు ఇది గేటు. ఇదీ 120 ప్రశ్నలే, కాకపోతే 2 గంటలు, పెన్నూ కాగితం, ఓఎంఆర్ షీటు. తప్పు జవాబుకు పావు మార్కు పోతుంది. అన్నీ ఇంగ్లీషులోనే. దరఖాస్తు ఫీజే జనరల్ పిల్లలకు 4 వేల రూపాయలు. తేదీ గుర్తుపెట్టుకోండి: 2023, 2024, 2025లో వరసగా డిసెంబరు మొదటి ఆదివారమే జరిగింది. అంటే సెకండియర్ పిల్ల ఇంకా సిలబస్ మధ్యలో ఉండగానే. మార్చిలో ఇంటర్ పరీక్షలు రాసి, ఏప్రిల్‌లో ఆలోచిద్దాం అనుకునే ఇంట్లో క్లాట్ అనే మాటే పుట్టదు. ఎండాకాలంలో జరిగే లాసెట్ ఒక్కటే మిగులుతుంది. దానికీ నెల రోజుల ముందు గైడు కొంటాం.

క్లాట్‌ను ఇంగ్లీషులోనే ఎందుకు పెట్టాలి, నీట్ తెలుగులో రాయనిస్తున్నారు కదా అని మీరు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. క్లాట్‌ను భారతీయ భాషల్లోనూ పెట్టాలని ఢిల్లీ హైకోర్టుకు వెళ్లినవాళ్లున్నారు. ఆ డిమాండ్‌కు మా మద్దతూ ఉంది. అది తేలేదాకా ఇప్పుడు ఇంటర్ ఫస్టియర్‌లో ఉన్న పిల్లను ఆగమని చెప్పలేం.

ఇక మార్కులు ఎక్కడ వస్తాయన్నది అసలు విషయం. క్లాట్‌లో గెలిచేది ఎక్కువ బట్టీ పట్టినవాళ్లు కాదు, వేగంగా చదివి, చదివిందానికి మాత్రమే కట్టుబడగలిగినవాళ్లు. అందులో చదవమని ఇచ్చే ఒక్కో భాగం 450 పదాల దాకా ఉంటుంది, దాని కింద నాలుగైదు ప్రశ్నలు. ప్రశ్నకు నిమిషం. ఆ నిమిషంలోనే భాగం చదవడం కూడా. పెదవులు కదుపుతూ చదివే అలవాటున్న పిల్లకు లెక్కలెంత వచ్చినా సమయం చాలదు.

క్లాట్‌లో లీగల్ రీజనింగ్ ఎలా ఉంటుందో ఒక నమూనా చూడండి. ఇది మేం అల్లిన ప్రశ్న. సూత్రం: పనివాడు తన డ్యూటీ చేస్తూ ఎవరికైనా నష్టం కలిగిస్తే యజమాని బాధ్యుడు. డ్యూటీని పూర్తిగా పక్కనపెట్టి సొంత పని మీద పోతే యజమాని బాధ్యుడు కాడు. సంగతి: ఎన్టీపీసీ బూడిద నింపిన లారీని డ్రైవర్ సిమెంటు ఫ్యాక్టరీలో ఖాళీ చేశాడు. ఓనర్ తిరిగి రమ్మన్నాడు. డ్రైవర్ మాత్రం బండిని సుల్తానాబాద్‌లో చెల్లెలి పెళ్లికి తోలాడు. పెళ్లి మంటపం ముందు స్కూటర్‌ను గుద్దాడు. ఓనర్ బాధ్యుడా?

మన పిల్లల్ని అడిగితే ఎక్కువమంది బాధ్యుడనే అంటారు. ఎందుకంటే డబ్బున్నది ఓనర్ దగ్గర, దెబ్బ తగిలింది బీదవాడికి. మనసు మంచిది, మార్కు మాత్రం పోయింది. బాగా తెలిసిన పిల్లవాడైతే ఇన్సూరెన్స్ కంపెనీ కడుతుంది కదా అంటాడు. ఆ మార్కూ పోయింది. కోర్టులో మోటారు వాహనాల చట్టం వస్తుంది, బీమా వస్తుంది, పరీక్షలో వాళ్లిచ్చిన సూత్రం తప్ప ఏదీ రాదు. డ్యూటీ అయిపోయింది, వెళ్లింది పెళ్లికి, ఓనర్ బాధ్యుడు కాడు. అంతే. ఇప్పుడు అదే సంగతిలో ఒక్క ముక్క మార్చండి: డ్రైవర్ ఖాళీ లారీతో తిరిగి వస్తూ దారిలో టీ కోసం ఆగాడు, మళ్లీ బండి తీస్తూ గుద్దాడు. ఈసారి డ్యూటీ పక్కన పడలేదు. ఓనర్ బాధ్యుడు. ఇలా ఒక సంగతిని నాలుగు రకాలుగా మార్చి, పక్కపక్కన కూర్చుని వాదించుకుంటే నెల తిరగకముందే పిల్లల చూపు మారుతుంది. ఈ పని ఒంటరిగా గదిలో కూర్చుని చేసేది కాదు. నలుగురు కావాలి.

లాసెట్‌లో సగం మార్కులు రాజ్యాంగం, మౌలిక న్యాయ సూత్రాల చుట్టూ తిరుగుతాయి. తెలుగు అకాడమీ ఇంటర్ పౌరశాస్త్రం పుస్తకం, రాజ్యాంగం తెలుగు ప్రతి, ఈ రెండూ శ్రద్ధగా చదివిన పిల్లకు గైడుతో పని చాలా తగ్గుతుంది. చదివేటప్పుడు మన చుట్టూ ఉన్నదానికి కలుపుకోవాలి. 24వ అధికరణం 14 ఏళ్లలోపు పిల్లల్ని ఫ్యాక్టరీలో, గనిలో పెట్టకూడదంటుంది. బొగ్గుబాయి పక్కన పుట్టిన పిల్ల ఆ అధికరణాన్ని ఒకసారి చదివితే మర్చిపోదు. 39ఏ ఉచిత న్యాయ సహాయం గురించి. 226 కింద హైకోర్టుకు, 32 కింద సుప్రీంకోర్టుకు పోవచ్చు. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో భూములు ప్రైవేటు గనుల కంపెనీలకు లీజుకివ్వకూడదన్న 1997 నాటి సమతా తీర్పు విశాఖ మన్యం నుంచి వచ్చింది. గనులున్న చోట ఉన్న మనకు అది కేవలం మార్కుల ప్రశ్న కాకూడదు.

పాత గైడ్లతో జాగ్రత్త. 2024 జూలై 1 నుంచి ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. హత్యకు శిక్ష 302లో లేదు, 103లో ఉంది. మోసగాణ్ణి మన నోటితో ఇంకా ఫోర్ ట్వంటీ అనే అంటాం, పుస్తకంలో మాత్రం అది 318. 2025 నవంబరు 21 నుంచి నాలుగు కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. పారిశ్రామిక వివాదాల చట్టం, గనుల చట్టం వాటిలో కలిశాయి. సెకండ్ హ్యాండ్‌లో వందకో రెండొందలకో దొరికిన గైడులో ఇవేవీ ఉండవు. పాత నంబరు రాసి వచ్చిన పిల్లవాడి తప్పు కూడా కాదది.

కరెంట్ అఫైర్స్‌కు పరీక్ష ముందు కొనే మంత్లీ మ్యాగజైన్ మీద మాకు పెద్ద నమ్మకం లేదు. రోజూ ఒక తెలుగు పత్రిక, ఒక ఇంగ్లీషు పత్రిక చదవాలి. తెలుగులో వార్త చదివి, అదే వార్త ఇంగ్లీషులో చదివితే కొత్త పదాలు డిక్షనరీ తీయకుండానే తెలుస్తాయి. తర్వాత ఇంగ్లీషు సంపాదకీయం ఒకటి గడియారం పెట్టుకుని చదివి, రాసినాయన ఏమంటున్నాడో తెలుగులో రెండు వాక్యాల్లో రాయాలి. తెలుగు మీడియం పిల్లలకు ఇంతకంటే సులువైన దారి మాకు కనబడలేదు. వారానికి ఒక మాక్ టెస్టు. పోయిన ప్రతి మార్కుకూ కారణం నోటుబుక్కులో రాయాలి: తెలియక పోయిందా, సరిగా చదవక పోయిందా, టైం చాలక పోయిందా. మూడింటికీ మందు వేరు. లాసెట్‌లో ఒక్క ప్రశ్న కూడా ఖాళీ వదలొద్దు. క్లాట్‌లో నాలుగింటిలో రెండు జవాబులైనా తీసేయగలిగితేనే గుర్తు పెట్టాలి. లెక్కల భాగం చిన్నది, 10 నుంచి 14 ప్రశ్నలు, పదో తరగతి స్థాయి. ఎంపీసీ పిల్లలు అది వదులుకోవద్దు.

ఇవన్నీ ఫోన్‌లో ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి. రెండు గంటలు ఫోన్ ముట్టకుండా కాగితం మీద చదవడం మాత్రం ఫోన్‌లో లేదు. మన క్వార్టర్లు చూడండి. రెండు గదులు. నైట్ షిఫ్ట్ చేసి వచ్చిన నాన్న పగలు పడుకోవాలి, సెకండ్ షిఫ్ట్ దిగిన అన్న రాత్రి పదకొండున్నరకు అన్నం తినాలి, మధ్యలో టీవీ. పిల్ల ఎక్కడ కూర్చోవాలి? హైదరాబాద్ కోచింగ్ ఫీజు, హాస్టల్ ఫీజు అందరూ కట్టలేరు. కట్టగలిగినవాళ్ల గురించి ఈ కాగితం కాదు.

అందుకే మేం అడిగేది ఒక గది. కమ్యూనిటీ హాలు కావచ్చు, బడి తర్వాత ఖాళీగా ఉండే తరగతి గది కావచ్చు. ఉదయం ఐదున్నర నుంచి ఎనిమిది, సాయంత్రం ఐదు నుంచి పది. రాత్రి ఆలస్యమైతే ఆడపిల్లల్ని పంపరని తెలుసు, పొద్దుటి వేళ పెట్టింది వాళ్ల కోసమే. రెండు పత్రికలు, పది కుర్చీలు, ఇరవై పుస్తకాలు, గోడ గడియారం, ప్రింటర్ ఒకటి. లాసెట్ కంప్యూటర్ మీద కాబట్టి ఆదివారం ఏదైనా కాలేజీ ల్యాబ్ రెండు గంటలు ఇస్తే చాలు. చెప్పేవాళ్లు లేరనుకోవద్దు. మన కాలనీల్లో రిటైరైన ఇంగ్లీషు టీచర్లున్నారు, ఫ్యాక్టరీ ఆఫీసులో జీవితమంతా ఉత్తరాలు డ్రాఫ్ట్ చేసినవాళ్లున్నారు, పెద్దపల్లి, గోదావరిఖని కోర్టుల్లో ప్రాక్టీసు చేసే వకీళ్లున్నారు. వారానికో గంట అడిగితే కాదనరనే మా ఆశ. డిగ్రీ అయి కాంట్రాక్టు పనిలో ఉన్న అన్నలు కూడా రావచ్చు. మూడేళ్ల కోర్సు లాసెట్‌కు గరిష్ఠ వయసు అడ్డం లేదు.

డబ్బు ఎక్కడిదంటారా? కొత్తగా అడుక్కోనక్కర్లేదు. ఇంటి పన్నుతో పాటు రూపాయికి 8 పైసల గ్రంథాలయ సెస్సు ఎప్పటినుంచో కడుతున్నాం. అది జిల్లా గ్రంథాలయ సంస్థకు చేరాల్సిన డబ్బు. 2015 నుంచి గనుల కంపెనీలు రాయల్టీకి అదనంగా కట్టే ఒక వాటా జిల్లా ఖనిజ నిధికి, మనం డీఎంఎఫ్‌టీ అనే దానికి జమవుతోంది. పాత లీజులైతే అది రాయల్టీలో 30 శాతం. ఇక్కడి బొగ్గు మీదా వస్తుంది, సున్నపురాయి మీదా వస్తుంది. విద్య ఆ నిధిలో ప్రాధాన్య రంగం. కంపెనీల చట్టం ప్రకారం లాభాల్లో 2 శాతం సీఎస్‌ఆర్‌కు ఖర్చు పెట్టాల్సిన పెద్ద సంస్థలు మన చుట్టూ ఎన్నున్నాయో మీకే తెలుసు. వాళ్ల పొగ, దుమ్ము మన వాకిట్లోనే పడుతున్నాయి. మూతపడ్డ బసంత్‌నగర్ ఎయిర్‌స్ట్రిప్ మళ్లీ తెరుస్తారన్న మాట ఏళ్లుగా విన్నాం. దాని ఖర్చులో వెయ్యో వంతు కూడా అక్కర్లేని గది గురించి మేం మాట్లాడుతున్నాం.

అందరికీ నల్సార్ సీటు వస్తుందని మేం చెప్పం. లా చదివిన ప్రతి పిల్లా తిరిగొచ్చి గోదావరిఖని లేబర్ కోర్టులో నల్లకోటు వేసుకోవాలని ఒట్టు కూడా పెట్టించుకోం. హైకోర్టుకే పోతారో, కంపెనీ ఉద్యోగానికే పోతారో వాళ్లిష్టం. ఆ గదిలో ఏడాది కూర్చున్న పిల్ల, సీటు రాకపోయినా, ఇంటికొచ్చిన నోటీసు చదివి గడువు ఎన్నాళ్లుందో ఆ సాయంత్రమే చెప్పగలదు.

ఈ జూన్‌లో తెరిస్తే ఇప్పుడు ఫస్టియర్‌లో అడుగుపెట్టే పిల్లలకు వచ్చే ఏడాది డిసెంబరు క్లాట్‌కు ఏడాదిన్నర దొరుకుతుంది. సెకండియర్ పిల్లలకు క్లాట్‌కు ఆరు నెలలే ఉంటాయి, లాసెట్‌కు మాత్రం సమయం సరిపోతుంది. అర్జీ రెండు కాపీలు రాస్తున్నాం. ఒకటి జిల్లా కలెక్టర్‌కు, డీఎంఎఫ్‌టీ నిధి కోసం. రెండోది జిల్లా గ్రంథాలయ సంస్థకు. ఈ కాగితం వెనక ఖాళీ వదిలాం. మీ పేరు, వీధి, పిల్లలు చదివే తరగతి రాసి సంతకం పెట్టండి. గది ఇవ్వగలిగినవాళ్లు గది అని రాయండి, గంట ఇవ్వగలిగినవాళ్లు ఏ వారమో, ఏ వేళో రాయండి. కాగితం మీకిచ్చిన పిల్లలే మళ్లీ వచ్చి తీసుకుంటారు. సోమవారం ప్రజావాణికి పెద్దపల్లి కలెక్టరేట్‌కు వెళ్తున్నాం. ఫస్ట్ షిఫ్ట్ లేనివాళ్లు మాతో రండి.

— బసంత్‌నగర్ తల్లిదండ్రులు, విద్యార్థులు